చన్నీళ్లు తోడు కాకూడని చోటు

1833 మే నెలలో బోస్టన్ రేవు నుంచి 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల మంచుగడ్డలతో కలకత్తాకు బయల్దేరింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి పంపిన సరుకది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటుకుని సెప్టెంబరులో హుగ్లీ నదిలోకి వచ్చేసరికి ఓడలో ఇంకా దాదాపు 100 టన్నుల మంచు మిగిలే ఉంది. దాన్ని కాపాడింది చెక్క పలకలు, ఎండు బెరడు పొడి, ఎండుగడ్డి. అంతే.

ఈ కథను అందరూ వింతగా చెప్పుకుంటారు. నాకు దాన్ని ఒక లెక్కగా చూడటం ఇష్టం. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి. 80 టన్నులు నాలుగు నెలల్లో కరిగాయంటే, ఓడ గోడల్లోంచి మంచులోకి చొరబడిన వేడి సగటున 2.6 కిలోవాట్లు. మన బాత్రూం గోడకు తగిలించుకునే గీజరు 2 కిలోవాట్లది. అంటే అంత పెద్ద ఓడలోకి, అంత ఎండలో, నాలుగు నెలలపాటు ఒక గీజరు ఇచ్చేదానికంటే కాస్త ఎక్కువ వేడి మాత్రమే దిగింది. ఈ సంగతి ట్యూడర్‌కు ముందుగా లెక్క కట్టి తెలియదు. ఎన్నో ఏళ్లు సరుకు కరగబెట్టుకుని, నష్టపోయి నేర్చుకున్నాడు.

ఇప్పుడు అదే కోల్‌కతాలో అదే ప్రశ్న తిరగేసి అడుగుతున్నాం. మేడ మీద పెట్టిన వేడినీళ్ల ట్యాంకులోంచి రాత్రంతా ఎంత వేడి జారిపోతుంది? పొద్దున ఆరింటికి ముగ్గురు స్నానం చేశాక నాలుగోవాడికి ఏం మిగులుతుంది? దానికి జవాబు ట్యాంకు కొనకముందే కంప్యూటరులో దొరుకుతుంది. జవాబు సరైనదవునా కాదా అన్నది మాత్రం ట్యాంకును కంప్యూటరుకు మనం ఎలా పరిచయం చేశామన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఆ పరిచయం గురించే.

ముందు హీట్ పంపు సంగతి. గీజరులో కరెంటు కాలి వేడవుతుంది. ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి, అంతకు మించి రాదు. హీట్ పంపు వేడిని పుట్టించదు, మోస్తుంది. బయటి గాలిలో ఉన్న వేడిని ఒక చల్లని ద్రవంలోకి లాగి, కంప్రెసరుతో నొక్కి, దాని ఉష్ణోగ్రత పెంచి నీళ్లకు అప్పగిస్తుంది. ఇంట్లో ఫ్రిజ్ చేసే పనే ఇది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే తగిలే వేడిని వృథాగా వదలకుండా నీళ్లకు ఇస్తున్నామనుకోండి. మోసే కూలీకి ఎత్తు ఎంత తక్కువైతే శ్రమ అంత తక్కువ. ఇక్కడ ఎత్తంటే గాలి చల్లదనానికీ నీటి వేడికీ మధ్య ఉన్న తేడా. మామూలు ఇంటి యంత్రం ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి తెచ్చి పెడుతుంది.

కోల్‌కతా ఈ యంత్రానికి అనువైన ఊరు. జనవరి తెల్లవారుజామున సగటున 14 డిగ్రీలు, మధ్యాహ్నం 26 దాకా వెళ్తుంది. యూరప్‌లో లాగా యంత్రం చుట్టలకు మంచు పట్టేసే బాధ లేదు. పైగా గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ చల్లని చుట్టల మీద నీరై కారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని కూడా ఇచ్చిపోతుంది. ఊరంతా విసుక్కునే ఉక్కపోత ఈ ఒక్క యంత్రానికి మేలు చేస్తుంది.

మరి ట్యాంకు ఎందుకు? కోల్‌కతావాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు తలెత్తి చూస్తే కనబడుతుంది. టాలా ట్యాంకు 1911 నుంచీ 110 అడుగుల ఎత్తున, ఇనుప స్తంభాల మీద, 90 లక్షల గ్యాలన్ల నీళ్లు పట్టేంత పెద్దదై నిలబడి ఉంది. పల్తాలో హుగ్లీ నీటిని శుద్ధి చేసి పంపే యంత్రాలు రోజంతా ఒకే తీరున నడుస్తాయి. ఊరు మాత్రం పొద్దున్నే ఒక్కసారిగా కుళాయి తిప్పుతుంది. ఆ రెండింటికీ మధ్య సర్దుబాటు చేసేది టాలా. హీట్ పంపు కూడా పల్తా లాంటిదే, నిదానస్థురాలు. 300 లీటర్ల నీటిని 20 నుంచి 55 డిగ్రీలకు తేవాలంటే 12.2 యూనిట్ల వేడి కావాలి. 3 కిలోవాట్ల వేడినిచ్చే యంత్రానికి నాలుగు గంటలు పడుతుంది. స్నానాలేమో ఒక గంటలో అయిపోతాయి.

ఇక అసలు విషయం. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, పైన వేణ్నీళ్లు మెల్లగా వంపి, చెయ్యి పెట్టి కలపకుండా చెంబు ముంచి చూడండి. మొదటి చెంబు చుర్రుమంటుంది. అడుగున నీళ్లు చల్లగానే ఉంటాయి. చిన్నప్పుడు అందరం ఒకసారైనా ఒళ్లు కాల్చుకుని ఉంటాం. "చెయ్యి పెట్టి కలుపుకో" అని పెద్దవాళ్లు చెప్పింది అందుకే. 55 డిగ్రీల నీరు 20 డిగ్రీల నీటికంటే లీటరుకు పన్నెండు గ్రాములు తేలిక. ఆ పన్నెండు గ్రాములే వేడినీటిని పైన, చన్నీటిని అడుగున నిలబెడతాయి. ట్యాంకులోనూ ఇదే జరుగుతుంది. పైనుంచి వేణ్నీళ్లు వాడుకుంటాం, అడుగు నుంచి చన్నీళ్లు వచ్చి చేరతాయి. రెండింటికీ మధ్య పలచటి సరిహద్దు పొర ఏర్పడి, వాడకం సాగేకొద్దీ పైకి జరుగుతుంది.

బకెట్లో కలపడం మంచిది. ట్యాంకులో కలవడం చేటు. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్న మన సామెత ఆ ఇనుప డబ్బాలో చెల్లదు. 300 లీటర్ల ట్యాంకులో పైన 100 లీటర్లు 55 డిగ్రీల్లో, కింద 200 లీటర్లు 20 డిగ్రీల్లో ఉన్నాయనుకుందాం. పైనున్న వాటిని బకెట్లో చన్నీళ్లతో కలుపుకుంటే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 175 లీటర్లు వస్తాయి, అంటే పది బకెట్లు. అదే ట్యాంకులో అవన్నీ కలిసిపోతే 300 లీటర్లూ 32 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. ట్యాంకులో ఉన్న వేడి చుక్క తగ్గలేదు. కానీ జనవరి పొద్దున ఒక్కరికీ స్నానం లేదు. వేడి ఎంత ఉందన్నది సగం సంగతే, ఏ పొరలో ఉందన్నది మిగతా సగం.

నిలవ ఉన్న నీళ్లలో ఈ సరిహద్దు తనంతట తాను అంత తొందరగా చెరగదు. నీటిలో వేడి పాకే వేగం చాలా తక్కువ. గంటలో రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, రోజంతా వదిలేసినా పదకొండు పన్నెండు సెంటీమీటర్లు. మందం రెండింతలు కావాలంటే కాలం నాలుగింతలు కావాలి. సరిహద్దును చెరిపేది వేరు. అడుగున గొట్టంలోంచి జోరుగా దూకే నీళ్లు చిలికేస్తాయి. ఉక్కు గోడ నీటికంటే ఎన్నో రెట్లు వేగంగా పైవేడిని కిందికి మోస్తుంది. అందుకే మంచి ట్యాంకుల్లో నీళ్లు వచ్చే చోట ఒక పళ్లెమో, చిల్లుల గొట్టమో పెట్టి జోరు తగ్గిస్తారు.

దీన్నంతా కంప్యూటరులో ఎలా పెడతారు? క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ట్యాంకును అడ్డంగా పొరలుగా కోస్తారు. ప్రతి గిన్నెలోనూ నీరంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉందని ఒప్పుకుంటారు. తర్వాత ప్రతి గిన్నెకూ జమాఖర్చు. కింది గిన్నె నుంచి వచ్చిన నీరు తెచ్చిన వేడి, పై గిన్నెకు పోయిన నీరు తీసుకెళ్లిన వేడి, పక్క గిన్నెలకు పాకిన వేడి, గోడలోంచి జారిన వేడి, హీట్ పంపు చుట్ట ఇచ్చిన వేడి. ఏ క్షణానైనా కింది గిన్నె పై గిన్నెకంటే వేడెక్కితే అది నిజంలో నిలవదు కాబట్టి రెండింటినీ కలిపేయాలని ఒక నియమం. నిమిషం జరిపి మళ్లీ ఇదంతా లెక్కించాలి. ఇలా ఏడాదికి 8,760 గంటలు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సూర్యరశ్మితో నడిచే ఇళ్ల కోసం పుట్టి 1975 నుంచీ వాడుకలో ఉన్న ట్రాన్‌సిస్, అమెరికా ఇంధన శాఖ ఉచితంగా ఇస్తున్న ఎనర్జీప్లస్, మోడెలికా భాషలో రాసిన ప్రోగ్రాం లైబ్రరీలు అన్నీ లోలోపల చేసేది ఈ గిన్నెల లెక్కే.

గిన్నెలు ఎన్ని పెట్టాలన్న దగ్గర చాలామంది జారిపడతారు. నేనే చిన్న లెక్క చేసి చూశాను. 300 లీటర్ల ట్యాంకు నిండా 55 డిగ్రీల నీరు. యంత్రం ఆపేశాం. 200 లీటర్లు వాడుకున్నాం, అడుగున 20 డిగ్రీల నీరు చేరింది. ఇప్పుడు పైన కుళాయిలో వచ్చే నీరు ఎంత వేడి? ట్యాంకంతా ఒకే గిన్నె అనుకుంటే 38 డిగ్రీలు. మూడు గిన్నెలైతే 44. పది గిన్నెలైతే 50. ముప్పై పెడితే 54. ట్యాంకు అదే, నీళ్లు అవే, వాడకం అదే. మారింది నేను కోసిన ముక్కల సంఖ్య ఒక్కటే. ఒక జవాబు ప్రకారం చివరివాడు గోరువెచ్చని నీళ్లతో వణకాలి, ఇంకోదాని ప్రకారం చన్నీళ్లు కలుపుకోకపోతే ఒళ్లు కాలుతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, గిన్నెలోకి ఒక చుక్క చన్నీరు వచ్చినా ఆ గిన్నెంతా తక్షణం కలిసిపోయిందని లెక్క నమ్ముతుంది. గిన్నె పెద్దదైతే ఆ అబద్ధం కూడా పెద్దది. నీళ్లలో లేని చిలకడం అంకెల్లో పుడుతుంది. అలాగని ముప్పై గిన్నెలే సత్యం అనడానికీ లేదు. అసలు ట్యాంకులోనూ ఎంతో కొంత చిలకడం ఉంటుంది కదా. అనుభవమున్నవాళ్లు ట్యాంకు లోపల ఎత్తుకొక థర్మామీటరు చొప్పున దించి, కొలిచిన గీతకూ లెక్క గీతకూ పొత్తు కుదిరే దాకా గిన్నెల సంఖ్య సర్దుతారు. అప్పుడా సంఖ్య లెక్క సౌకర్యంగా మిగలదు, ఆ ట్యాంకు గుణాన్ని చెప్పే కొలత అవుతుంది. ఎవరైనా సిమ్యులేషన్ రిపోర్టు చూపించి ఇంత కరెంటు ఆదా అంటే, ట్యాంకును ఎన్ని పొరలుగా తీసుకున్నారు, ఎక్కడైనా కొలిచి సరిచూశారా అని నేను ముందు అడుగుతాను. ఒకే గిన్నెతో చేసిన లెక్కలో పైనీరు త్వరగా చల్లారినట్టు కనబడుతుంది, థర్మోస్టాట్ ముందే యంత్రాన్ని లేపుతుంది, దాన్ని నమ్మినవాళ్లు అక్కర్లేని పెద్ద ట్యాంకు కొంటారు.

అడుగునీరు చల్లగా ఉండటం స్నానానికే కాదు, యంత్రానికీ ప్రాణం. ఈ మాట బెంగాల్ గడ్డ మీదే గట్టిగా తేలింది. కోల్‌కతాకు పడమరన, రైల్వే కొలువులకు వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ ఉంది. అక్కడి ఐఐటీ 1950లో కలకత్తా ఎస్ప్లనేడ్‌లోని ఒక భవనంలో మొదలై, అదే ఏడాది ఖరగ్‌పూర్‌లోని హిజ్లీకి తరలింది. అక్కడ జహర్ సర్కార్, శౌభిక్ భట్టాచార్య, ఎం. రాంగోపాల్ కలిసి కార్బన్ డయాక్సైడును పనివాయువుగా వాడే హీట్ పంపును కంప్యూటరులో నడిపి చూశారు. 2004లో, 2006లో ఆ వ్యాసాలు అంతర్జాతీయ శీతలీకరణ పత్రికలో వచ్చాయి. వాళ్ల మనసులో ఉన్నది పాల డెయిరీ. అక్కడ ఒక పక్క 4 డిగ్రీల చల్లదనం కావాలి, ఇంకో పక్క 73 డిగ్రీల వేడి కావాలి. ఒకే యంత్రం రెండు చేతులా రెండూ ఇస్తే?

కార్బన్ డయాక్సైడుకు ఒక విచిత్ర గుణముంది. 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. మామూలు శీతలీకరణ వాయువులు ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలబడి ద్రవమవుతూ వేడినిస్తాయి. ఇదేమో వంద డిగ్రీల దగ్గర మొదలై మెట్లు దిగినట్టు చల్లబడుతూ వేడినిస్తుంది. నీటి గొట్టం దానికి ఎదురు దిశలో పోతుంది కాబట్టి, వాయువు చివరికి ఎంత చల్లబడగలదో అక్కడికి వచ్చే నీటి చల్లదనమే తేలుస్తుంది. 20 డిగ్రీల నీరు వస్తే వాయువు దాని దగ్గర దాకా దిగి, తనలో ఉన్నదంతా ఇచ్చి వెళ్తుంది. 40 డిగ్రీల నీరు వస్తే సగంలోనే ఆగిపోయి, మిగతా వేడిని తనతోనే వెనక్కి తీసుకుపోతుంది. కంప్రెసరు మాత్రం ముందు పడ్డ శ్రమే పడుతుంది. యంత్రం పనితనం వేడెక్కాల్సిన ద్రవం ఎంత ఉష్ణోగ్రతలో లోపలికి వస్తుందన్న దాని మీద ఆధారపడుతుందని ఖరగ్‌పూర్ లెక్కలు చెప్పింది ఇదే. వాళ్ల నమూనా నిలకడ స్థితిది, అంటే కాలంతో మారే ట్యాంకు అందులో లేదు. కానీ ఆ ఫలితాన్ని ట్యాంకు పక్కన పెట్టి చదవండి. లోపలికి వచ్చే నీరంటే ట్యాంకు అడుగున ఉన్న నీరే. పొరలు చెదిరితే అడుగు వెచ్చబడుతుంది, యంత్రం చతికిలబడుతుంది. 2001లో జపాన్‌లో ఎకోక్యూట్ పేరుతో ఇలాంటి ఇంటి యంత్రాలు బజారుకు వచ్చాయి. అవి అడుగునీటిని తీసి ఒక్క దెబ్బలో కాచి నేరుగా పైపొరలో పెట్టేలా కట్టారు. ట్యాంకు చుట్టూ చుట్ట తిప్పి నీటినంతా మెల్లగా వెచ్చబెట్టే మామూలు పద్ధతి ఈ వాయువుకు నప్పదు.

వేసవి కోల్‌కతాలో ఆ 31 డిగ్రీల గీత దగ్గర ఇంకో చిక్కు ఉంది. కుళాయి నీరే 30 దాటుతుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడు యంత్రానికి కావలసిన చల్లని ముగింపు ఎక్కడా దొరకదు. వేసవిలో స్నానానికి వేణ్నీళ్లు ఎవరూ అడగరు కాబట్టి ఇళ్లలో ఇబ్బంది లేదు. ఆసుపత్రులకూ, హోటళ్ల వంటిళ్లకూ ఏడాదంతా కావాలి. వాళ్లు ఈ వాయువును ఎంచుకునేముందు మే నెల లెక్క విడిగా చూడాలి.

కుళాయి నీరు అన్నాను. సాఫ్ట్‌వేర్లు మన ఊళ్లను అర్థం చేసుకోని చోటు ఇదే. ఎనర్జీప్లస్‌లో కుళాయి నీటి ఉష్ణోగ్రతకు ఒక సూత్రముంది. ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు 6 ఫారన్‌హీట్ డిగ్రీలు కలిపి, దాని మీద ఋతువుల ఊగిసలాట పెడుతుంది. భూమిలో పాతిన గొట్టాల్లోంచి నేరుగా ఇంటికి నీరొచ్చే అమెరికా ఊళ్ల కోసం రాసింది. మన దగ్గర నీరు ముందు మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకుకు ఎక్కుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆ కుళాయి కింద చెయ్యి పెట్టినవాళ్లకు తెలుసు, నీళ్లు కాగిపోతుంటాయి. తెల్లవారుజామున అదే కుళాయి జివ్వుమంటుంది. ఒకే రోజులో పది డిగ్రీల పైబడి ఊగే నీటిని, ఏడాదికొకసారి ఊగే సూత్రం పట్టుకోలేదు. ఇక ఊరి గాలి వివరాలను సాఫ్ట్‌వేరుకు అందించే వాతావరణం ఫైలు. ఇష్రే సంస్థ భారతీయ నగరాలకు తయారుచేసిన వాటిలో కోల్‌కతాదీ ఉంది. అది దమ్ దమ్ విమానాశ్రయం కేంద్రం గాలి. బడాబజార్ ఇరుకు సందులో, నాలుగు ఏసీల వేడిగాలి మధ్య పెట్టిన యంత్రం పీల్చే గాలి అది కాదు.

వాడకం కూడా అంతే. ఆ నమూనాల్లో ఉండేది షవరు. నిమిషానికి ఇన్ని లీటర్లని సన్నగా పదినిమిషాలు పారుతుంది. ఒళ్లంతా ఆవనూనె పట్టించి, బకెట్ నింపుకుని, మగ్గుతో పోసుకునే స్నానం వేరు. కుళాయి పూర్తిగా తిప్పి పది లీటర్లు ఒక్క ఊపున పట్టుకుంటారు, ఆపేస్తారు. ఆ ఊపులో ట్యాంకు అడుగున చన్నీళ్లు అంతే జోరుగా దూకి పొరల్ని చిలుకుతాయి. మన స్నానానికి తగ్గ వాడకం పట్టిక మనమే రాసి ఇవ్వాలి. కష్టమేమీ లేదు. నాలుగిళ్లలో వారంపాటు గడియారం, బకెట్ పట్టుకుని కూర్చుంటే చాలు. ఆ చిన్నపని చేయకుండా లక్షల గంటల సిమ్యులేషన్ నడిపే రిపోర్టులు చూస్తే నాకు బాధేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా పెట్టాక లెక్క ఏం చెబుతుందో ఒక ఉదాహరణ. జనవరిలో యంత్రాన్ని ఎప్పుడు నడపాలి? స్నానాలకు ముందు తెల్లవారుజామునా, ముందురోజు మధ్యాహ్నమా? తెల్లవారుజామున నడిపితే వేడి నిలవ ఉండదు, జారదు. కానీ గాలి 14 డిగ్రీలు. మధ్యాహ్నం గాలి 26. యంత్రం ఎక్కాల్సిన ఎత్తు అంత తగ్గుతుంది, ఆదర్శ యంత్రానికి వర్తించే కార్నో సూత్రం ప్రకారం పనితనం ఇంచుమించు 41 శాతం పెరుగుతుంది. నష్టం వైపు చూస్తే, మంచి తొడుగున్న 300 లీటర్ల ట్యాంకు ప్రతి డిగ్రీ తేడాకు 2 వాట్లు వదులుతుందనుకుంటే, 55 డిగ్రీల నీరు 15 డిగ్రీల రాత్రిలో పదహారు గంటలు కూర్చుని 1.3 యూనిట్ల వేడి పోగొట్టుకుంటుంది. 12.2 బదులు 13.5 యూనిట్లు పెట్టాలి. అయినా కరెంటు ఖర్చు 22 శాతం దాకా తక్కువే. పోయేది నీటిలో నాలుగు డిగ్రీల లోపే. మేడ మీది ట్యాంకు ఎండకు వెచ్చబడి ఇచ్చే సాయం ఇందులో కలపనేలేదు.

అయితే ఈ లాభం నిలవాలంటే పొద్దున స్నానాలయ్యాక అడుగున చేరిన చన్నీరు మధ్యాహ్నం దాకా అడుగునే ఉండాలి, పైన మిగిలిన వేణ్నీళ్లు పైనే ఉండాలి. అంటే యంత్రాన్ని లేపే థర్మోస్టాట్ అడుగున ఉండకూడదు. అడుగున ఉంటే మొదటి రెండు బకెట్లకే చన్నీరు తగిలి, ఏడింటి చలిలోనే కంప్రెసరు మొదలవుతుంది. పైనుంచి మూడోవంతు దగ్గర పెడితే అక్కడికి చన్నీరు చేరే దాకా యంత్రం కదలదు. అది ఎప్పుడు చేరుతుందో చెప్పగలిగేది పొరలున్న నమూనాయే. ఒకే గిన్నె నమూనాకు పైనా కిందా తేడాయే తెలియదు కాబట్టి, థర్మోస్టాట్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దానికి అర్థమే కాదు.

మధ్యాహ్నం రెండింటికి, అన్నం తిని కోల్‌కతా 'భాత్ ఘూమ్' అంటూ కునుకు తీసే వేళకు, మేడ మీద యంత్రం మొదలవుతుంది. ట్యాంకు లోపల సరిహద్దు పొర పైనుంచి మెల్లగా కిందికి దిగుతూ వస్తుంది. సాయంత్రం ఆరింటికి అది అడుగు తాకుతుంది.